సరిహద్దు బడుల్లో పిల్లల రక్షణ పాఠం చెప్పే తీరు

ఇచ్ఛాపురం, సోంపేట, పలాసల మీదుగా సాగే హౌరా–చెన్నై రైలు మార్గం, నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్ళే మార్గం, టిట్లాగఢ్ నుంచి రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం దిగే మార్గం, ఈ మూడూ ఒడిశా, ఆంధ్ర సరిహద్దు జిల్లాలవారు పని వెతుక్కుంటూ ఊరు దాటే దారులు. బొలంగీర్, నువాపడా ప్రాంతాల నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు బయలుదేరే కుటుంబాలు పిల్లాపాపలతో కాంటాబంజిలో రైలెక్కి మన స్టేషన్ల మీదుగానే పోతుంటాయి. గంజాం జిల్లా యువకులు సూరత్ మరమగ్గాలకు వెళ్ళడం తరాలుగా ఉన్నదే. ఈ రాకపోకల్లో ఎవరు ఇష్టపడి పనికి పోతున్నారో, ఎవరిని మోసం చేసి తరలిస్తున్నారో ప్లాట్‌ఫారం మీద చూసేవారికి తేడా తెలియదు. పిల్లలను రోజూ చూసే బడికి మాత్రం ఆ తేడా ముందుగా పసిగట్టే అవకాశం ఉంది. లైంగిక వేధింపుల గురించీ, మనుషుల అక్రమ రవాణా గురించీ బడిలో పాఠం చెప్పదలచిన ఉపాధ్యాయులు, హాస్టల్ వార్డెన్లు, స్వచ్ఛంద కార్యకర్తలు ఆ పనిని ఏ వరుసలో చేస్తే మేలు జరుగుతుందో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట చెప్పవలసిన మాట ఒకటుంది. ఈ పాఠం పిల్లలతో మొదలు కాకూడదు, పెద్దలతో మొదలు కావాలి. తరగతిలో పాఠం సరిగ్గా చెబితే, ఆ రోజో మరో వారానికో ఎవరో ఒక బిడ్డ వచ్చి తనకు జరిగింది చెప్పే అవకాశం చాలా ఎక్కువ. ఆ బిడ్డ చెప్పింది విని ఏం చేయాలో బడికి తెలియకపోతే, ధైర్యం తెచ్చుకుని నోరు విప్పిన బిడ్డకు రెండో అన్యాయం చేసినట్లవుతుంది. ఆ సిద్ధత లేని చోట పాఠాన్ని నెల రోజులు వాయిదా వేయడమే మంచిదని నా అభిప్రాయం.

పాఠానికి ముందు చేయవలసిన పనులు

బోధన సిబ్బందినే కాక వంట మనిషి, వాచ్‌మన్, ఆయా, ఆటో డ్రైవర్ అందరినీ ఒక పూట కూర్చోబెట్టి చట్టం ఏం చెబుతోందో వివరించాలి. లైంగిక నేరాల నుంచి బాలల రక్షణకు 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపు వారందరూ, ఆడపిల్లలైనా మగపిల్లలైనా, బాలలే. నేరం జరిగిందని తెలిసిన ప్రతివారూ, జరగవచ్చన్న అనుమానం కలిగినవారు కూడా, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ స్థానిక పోలీసులకు గానీ తెలియజేయాలి. తెలిసీ చెప్పనివారికి ఆరు నెలల వరకు జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని సంస్థ పెద్ద దాచిపెడితే ఆ శిక్ష ఏడాది దాకా ఉంటుంది. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద మాత్రం ఏ కేసూ నిలబడదు. ఈ చివరి మాటను సిబ్బందికి రెండుసార్లు చెప్పండి, ఎందుకంటే చాలామంది నోరు విప్పకపోవడానికి కారణం దుర్మార్గం కాదు, తమ మీదకు వస్తుందన్న భయం.

తరువాత బడి తరఫున పిల్లలు వెళ్ళి చెప్పుకోదగిన ఇద్దరిని, వారిలో ఒకరైనా మహిళ అయ్యేలా, ఎంపిక చేయాలి. ప్రధానోపాధ్యాయులే ఆ బాధ్యత తీసుకోవాలన్న నియమం ఏమీ లేదు. పిల్లలు ఎవరి చుట్టూ చేరతారో, ఎవరి దగ్గర నవ్వుతారో వారిని ఎంచుకోవడం మేలు. ఆపైన ఒకే ఒక్క కాగితం మీద కావలసిన నంబర్లన్నీ రాసి స్టాఫ్ రూములో, హాస్టల్ గోడ మీద అంటించాలి: పిల్లల హెల్ప్‌లైన్ 1098, అత్యవసర సహాయానికి 112, మహిళల సహాయానికి 181, రైల్లో గానీ స్టేషన్లో గానీ అయితే 139, ఫోను, ఇంటర్నెట్ ద్వారా జరిగే మోసాలకు 1930. వీటి కింద దగ్గరి పోలీసు స్టేషన్, జిల్లా బాలల సంక్షేమ కమిటీ, జిల్లా బాలల రక్షణ విభాగం నంబర్లు కూడా ఉండాలి.

సరిహద్దులో ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. బిడ్డ ఇల్లు ఒక రాష్ట్రంలో, బడి మరో రాష్ట్రంలో, సంఘటన జరిగింది రైల్లో అయితే ఫిర్యాదు ఎక్కడివ్వాలి? సాలూరు పైన కొటియా ఊళ్ళలోలాగా రెండు రాష్ట్రాలూ తమదే అనుకునే చోట ఈ ప్రశ్న మరింత బరువైనది. దీనికి చట్టంలో సూటి సమాధానం ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగిందన్న దానితో పని లేకుండా, ఏ పోలీసు స్టేషన్ అయినా ఫిర్యాదు తీసుకోవలసిందే. జీరో ఎఫ్ఐఆర్ అని మనం వినే మాట ఇదే. నమోదు చేసుకుని, ఆ తరువాత పరిధి ఉన్న స్టేషనుకు పంపుకోవడం పోలీసుల పని. "అది మా పరిధి కాదు, పర్లాకిమిడి వెళ్ళండి" అన్న సమాధానం విని వెనక్కి తిరగనవసరం లేదని ప్రతి ఉపాధ్యాయుడికీ తెలిసి ఉండాలి.

తల్లిదండ్రులతో సమావేశం కూడా పాఠానికి ముందే జరగాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే, సభ్యులలో సగం మంది మహిళలే కాబట్టి ఆ కమిటీ ద్వారా పిలిస్తే మాట చెల్లుతుంది. "చిన్నపిల్లలకు ఇవన్నీ ఎందుకు నేర్పడం?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. అడిగినవారిని తక్కువ చేయకుండా, కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనంలో తేలిన విషయం చెప్పండి. పదమూడు రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలను అడిగితే, వారిలో సగానికి పైగా ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. వేధించినవారిలో సగం మంది బిడ్డకు తెలిసినవారూ, నమ్మకం ఉన్నవారూ. ఆ అధ్యయనం జరిగిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. తల్లులతో విడిగా మాట్లాడే ఏర్పాటు ఉంటే ఇంకా మంచిది. సంత రోజున మాత్రం సమావేశం పెట్టకండి, ఎవరూ రారు.

చిన్న తరగతులకు

పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ఆ భాషలోనే ఈ పాఠం జరగాలి. రాయగడ, గజపతి జిల్లాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియా చదివే పిల్లలున్నారు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు ఇంట్లో సవర, కువి మాట్లాడి బడిలో తెలుగు చదివేవారున్నారు. శరీర భాగాల పేర్లను బిడ్డ తన తల్లి దగ్గర ఎలా పలుకుతుందో అలాగే పలకనివ్వాలి. బడి భాషలో మాట దొరకక ఆగిపోయిన బిడ్డ ఇక ఎప్పటికీ చెప్పకపోవచ్చు. సిబ్బందికి ఆ భాష రాకపోతే ఆ ఊరి అంగన్‌వాడీ కార్యకర్తనో ఆశా కార్యకర్తనో పక్కన కూర్చోబెట్టుకోండి.

ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఇరవై నిమిషాలకు మించి చెప్పకూడదు. ఈత దుస్తులు వేసిన బొమ్మను చూపించి దుస్తులు కప్పే భాగాలు సొంతమైనవని చెప్పడం చాలా శిక్షణ పుస్తకాల్లో ఉంది. కానీ మన పిల్లలు గెడ్డలో స్నానం చేసేవారు, ఈత దుస్తులు ఎన్నడూ చూడనివారు. బొమ్మకు చెడ్డీ, గౌను వేసి చూపిస్తే చాలు. ఆ భాగాలను శుభ్రం చేయడానికి అమ్మ, ఒంట్లో బాగోలేనప్పుడు అమ్మానాన్నల ఎదుట డాక్టరు తప్ప మరెవరూ తాకకూడదు, చూడకూడదు, ఫొటో తీయకూడదు, తమవి తాకమని బిడ్డను అడగకూడదు. ఇక్కడ చాలామంది "నీకు నచ్చని తాకుడు చెడ్డది" అని నేర్పుతారు. అది సగం నిజమే. నమ్మకం సంపాదించినవాడు చక్కిలిగింతలతో, ఆటతో, చాక్లెట్‌తో మొదలుపెడతాడు కాబట్టి బిడ్డకు మొదట్లో అది చెడ్డగా అనిపించకపోవచ్చు, తరువాత "నాకు నచ్చిందేమో, తప్పు నాదే" అన్న బాధ మిగులుతుంది. అందుకే నియమం అనుభూతి మీద కాక శరీర భాగం మీద, రహస్యం మీద నిలబడాలి. ఎవరైనా తాకి "ఎవరికీ చెప్పకు" అంటే అది తప్పకుండా చెప్పవలసిన విషయం.

నాటకంగా చేయించేటప్పుడు ముసుగు వేసుకున్న దొంగనో, గోనెసంచి పట్టుకున్న అపరిచితుడినో పాత్రగా పెట్టకండి. పాత్రకు మామయ్య అనో, పక్కింటి అన్న అనో, ట్యూషన్ మాస్టారు అనో పేరు పెట్టండి. ఆ మామయ్య నవ్వుతూ, "మీ అమ్మకు చెబితే ఆమే నిన్ను కొడుతుంది" అంటాడు. బిడ్డ పాత్ర వేసినవారు "వద్దు" అనాలి, అక్కడి నుంచి కదలాలి, పెద్దవారికి చెప్పాలి. మొదటి పెద్దమనిషి నమ్మకపోతే రెండోవారికి, అక్కడా కాకపోతే మూడోవారికి చెప్పాలి. ప్రతి బిడ్డ చేతా తన అరచేతిని కాగితం మీద గీయించి, ఒక్కో వేలి మీద తాను నమ్మే ఒక్కో మనిషి పేరు రాయించండి. ఎవరి కాగితంలోనైనా వేళ్ళు ఖాళీగా మిగిలితే ఆ పేరు మనసులో పెట్టుకుని ఆ బిడ్డను విడిగా గమనిస్తూ ఉండండి. "వద్దు" అనలేకపోయినా తప్పు బిడ్డది కాదని ప్రతి పాఠంలోనూ స్పష్టంగా చెప్పాలి. మగపిల్లలు కూడా ఈ పాఠంలో అందరితో పాటే ఉండాలి, వారిని ఆటకు పంపి ఆడపిల్లలకు మాత్రమే చెప్పే అలవాటు మానుకోవాలి.

పెద్ద తరగతులకు: మేస్త్రీ మాట, అడ్వాన్సు డబ్బు

అక్రమ రవాణా గురించి చెప్పేటప్పుడు వలసనే తప్పు పట్టకూడదు. తరగతిలో సగం మంది పిల్లల అన్నలో నాన్నలో బయట పని చేసి పంపిన డబ్బుతోనే ఆ ఇళ్ళు నడుస్తుండవచ్చు, ఆ పిల్లలను సిగ్గుపడేలా చేస్తే వారు పాఠం వినడం మానేస్తారు. మాట్లాడవలసింది మోసం గురించి. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ప్రకారం, దోచుకునే ఉద్దేశంతో ఒకరిని బెదిరించి గానీ, మోసగించి గానీ, అధికారం చూపి గానీ, డబ్బు ఆశ పెట్టి గానీ పనిలో చేర్చుకోవడం, తరలించడం, దాచడం, అప్పగించడం, అందుకోవడం అన్నీ నేరమే. ఆ మనిషి ఒప్పుకున్నా నేరం నేరమే. బాధితులు పిల్లలైతే శిక్ష పదేళ్ళకు తగ్గదు, ఒకరి కన్నా ఎక్కువ మంది పిల్లలైతే పద్నాలుగేళ్ళకు తగ్గదు. అప్పు ఇచ్చి మనిషిని కదలనివ్వకుండా పని చేయించుకోవడాన్ని 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఏనాడో రద్దు చేసింది. ఇటుక బట్టీలకు కూలీలను కుదిర్చే సర్దార్లు, అంటే మేస్త్రీలు, ముందుగా ఇచ్చే దాదన్ డబ్బు ఎక్కడ కూలి అడ్వాన్సుగా ఆగుతుందో, ఎక్కడ సంకెలగా మారుతుందో పిల్లలు తెలుసుకోవాలి. డబ్బు తీరేదాకా బట్టీ గేటు దాటనివ్వకపోతే, ఫోను, ఆధార్ కార్డు లాగేసుకుంటే, అది అడ్వాన్సు కాదు.

ఈ పాఠానికి సరైన కాలం కూడా ఉంది. పశ్చిమ ఒడిశాలో భాద్రపదంలో వచ్చే కొత్త పంట పండుగ నువాఖాయి తరువాత దాదన్ పంపకం జోరందుకుంటుంది, కోతలయ్యాక కుటుంబాలు కదులుతాయి. కనుక ఆగస్టులో ఒకసారి, దసరా సెలవులకు ముందు మరొకసారి చెప్పాలి. జూన్‌లో చెప్పి ఊరుకుంటే అవసరం వచ్చేనాటికి మరచిపోతారు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో చేయించదగిన ఒక అభ్యాసం ఇది. ఒక అమ్మాయి ఊరి తల్లి పాత్ర వేస్తుంది, మరొక అమ్మాయి పట్నం నుంచి వచ్చిన దూరపు చుట్టం పాత్ర వేస్తుంది. "అప్పా, మీ పిల్ల వంట కూడా చెయ్యక్కర్లేదు, చిన్న బాబుని ఆడిస్తే చాలు. తిండి, బట్ట వాళ్ళదే. బడిలో కూడా వేస్తారు. ఈ ఐదు వేలూ ముందు ఉంచు" అంటుంది చుట్టం. తల్లి "ఏ ఊరు?" అని అడుగుతుంది. "పెద్ద పట్నమే." "పట్నం పేరు?" "వెళ్ళాక ఫోన్ చేయిస్తాను కదా." సమాధానం దాటవేసిన ప్రతిచోటా తరగతి అంతా చేయి ఎత్తాలి. యజమాని పేరు, ఇంటి చిరునామా, నెలకు ఇచ్చే జీతం, తిరిగి వచ్చే తేదీ, వారానికి ఒకసారి మాట్లాడే ఫోను నంబరు, ఇవన్నీ కాగితం మీద రాసి ఇవ్వడానికి వెనకాడేవారితో ఎవరినీ పంపకూడదని పిల్లలే తేల్చుకుంటారు. ఇక ఎన్ని కాగితాలు రాసి ఇచ్చినా పద్నాలుగేళ్ళ లోపు బిడ్డను పనిలో పెట్టుకోవడం చట్టరీత్యా నిషిద్ధమని చివరగా ఉపాధ్యాయుడు చేర్చాలి. ఈ నాటకాన్ని యాజమాన్య కమిటీ సమావేశంలో తల్లుల ఎదుట మళ్ళీ వేయిస్తే, గంటసేపు ఉపన్యాసం ఇచ్చినా కలగని ఎరుక అక్కడ కలుగుతుంది.

పెళ్ళి పేరుతో జరిగే మోసాన్నీ విడిగా చెప్పాలి. కట్నం అడగని వరుడు, ఉత్తరాది రాష్ట్రం, వారంలోపు ముహూర్తం, వరుడి ఊరు చూసివచ్చినవారు ఎవరూ లేకపోవడం, ఈ నాలుగూ ఒకచోట చేరితే ఆ సంబంధాన్ని ఆపి విచారించాలి. ఆడపిల్లకు పద్దెనిమిది, మగవాడికి ఇరవై ఒక్కటి నిండకుండా జరిపే పెళ్ళి 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం కింద నేరం. ఫోనులో పరిచయమై, ప్రేమ అని చెప్పి ఫొటోలు తీసుకుని, వాటితో బెదిరించి రప్పించుకునేవారి గురించి తొమ్మిది, పది తరగతులలో మొహమాటం లేకుండా మాట్లాడాలి. ఫొటో పంపిన అమ్మాయిని మందలిస్తే ఆమె మళ్ళీ బెదిరించినవాడి దగ్గరికే వెళుతుంది. సందేశాలు చెరిపేయకుండా ఉంచాలి, డబ్బు పంపకూడదు, పెద్దవారికి వెంటనే చెప్పాలి అని మాత్రం నేర్పండి.

తల్లిదండ్రుల ఫోను నంబర్లు రెండు, 1098, 112 పిల్లలకు నోటికి వచ్చేదాకా వల్లె వేయించండి, ఎందుకంటే ఫోను లాక్కున్నాక జ్ఞాపకంలో ఉన్న నంబరే మిగులుతుంది. రైల్లో అనుమానం వస్తే ఖాకీ దుస్తుల్లోని రైల్వే రక్షక దళం వారికో, టిక్కెట్ తనిఖీ చేసేవారికో, పిల్లలతో ఉన్న ఏ తల్లికో గట్టిగా చెప్పాలని నేర్పండి.

బిడ్డ నోరు విప్పినప్పుడు

సాధారణంగా ఇది బెల్ కొట్టాక జరుగుతుంది. అందరూ వెళ్ళిపోతారు, ఒక అమ్మాయి మాత్రం సంచి జిప్పు తీస్తూ వేస్తూ నిలబడుతుంది. "టీచర్, మా ఫ్రెండుకి ఒకటైంది" అంటుంది. ఆ ఫ్రెండు ఎవరని అడగకండి. నలుగురికీ కనిపించే చోటే, కానీ ఎవరికీ వినిపించని చోట కూర్చోబెట్టి, చెప్పినంత మేరకు వినండి. "నువ్వు చెప్పింది మంచి పని, ఇందులో నీ తప్పు లేదు" అన్న రెండు మాటలు చాలు. "ఎవరికీ చెప్పనని ఒట్టు వేయండి" అని అడిగితే వేయకూడదు. "నీకు సాయం చేయగలిగినవారికి మాత్రమే చెబుతాను, ముందు నీకే చెప్పి వెళతాను" అనండి. ఎందుకు వెళ్ళావు, అప్పుడే ఎందుకు చెప్పలేదు అన్న ప్రశ్నలు నిందలాగే వినిపిస్తాయి. విచారణ చేయడం, వివరాలు రాబట్టడం, నిందితుడిని పిలిపించి నిలదీయడం బడి పని కాదు. ఆ బిడ్డ చెప్పిన మాటలను ఆమె వాడిన పదాలతోనే, తేదీ, సమయం వేసి రాసుకుని అదే రోజు పోలీసులకు తెలియజేయాలి.

పోలీసులు వచ్చాక బిడ్డకు ఏ హక్కులున్నాయో తెలిసిన ఉపాధ్యాయుడు పక్కన ఉంటే చాలా కష్టం తగ్గుతుంది. వాంగ్మూలాన్ని బిడ్డ ఇంట్లోనో, బిడ్డ కోరిన చోటనో తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్ఐ హోదాకు తగ్గని మహిళా అధికారి రావాలి, అధికారి యూనిఫాంలో ఉండకూడదు, రాత్రిపూట బిడ్డను స్టేషన్లో ఉంచకూడదు. బిడ్డకు రాని భాషలో రాస్తుంటే దుభాషిని ఏర్పాటు చేయాలి. సవర మాట్లాడే బిడ్డ చేత తెలుగులోనో ఒడియాలోనో సంతకం పెట్టించుకునే చోట ఈ మాట అడిగి తీరాలి. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి, కాగితాలు రాలేదన్న కారణంతో ఏ ఆసుపత్రీ వైద్యం ఆపకూడదు. సంఘటన జరిగి ఎక్కువసేపు కాకపోతే స్నానం చేయించకుండా, ఆ బట్టలు ఉతకకుండా కాగితం సంచిలో పెట్టి తీసుకువెళ్ళాలి. ఇరవై నాలుగు గంటల్లో పోలీసులు బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక న్యాయస్థానానికి తెలియజేయాలి.

ఊరి పెద్దలు కూర్చుని జరిమానా కట్టించి సర్దుబాటు చేద్దామని వచ్చినప్పుడు బడి గట్టిగా నిలబడాలి. పోక్సో కేసులో రాజీకి చోటు లేదని, అలా చేయించినవారికే చిక్కు వస్తుందని గౌరవంగానే చెప్పవచ్చు. బిడ్డ పేరు, ఊరు, బడి, ఫొటో ఏదీ పత్రికకూ, వాట్సాప్ గ్రూపుకూ చేరకూడదు. స్టాఫ్ రూములో కూడా ఆ పేరు ఎత్తకుండా ఉండడం మర్యాదే కాదు, చట్టం కోరేది కూడా.

హాస్టళ్ళు, హాజరు పట్టీ

ఆశ్రమ పాఠశాలల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో బిడ్డకు ఇల్లు దూరం, ఫోను వార్డెన్ చేతిలో ఉంటుంది. వారానికి ఒకసారైనా ఎవరూ పక్కన లేకుండా ఇంటికి మాట్లాడనివ్వాలి. సెలవులకు తీసుకువెళ్ళడానికి వచ్చినవారు ఎవరైనా సరే, ముందుగా తల్లిదండ్రులు రాయించిన జాబితాలో పేరు లేకపోతే బిడ్డను పంపకూడదు. "మేనమామను" అన్నంత మాత్రాన సరిపోదు, తల్లికి ఫోన్ చేసి బిడ్డ చేత మాట్లాడించి, సంతకం తీసుకోవాలి.

సెలవుల తరువాత తిరిగి రాని బిడ్డ కోసం మూడో రోజుకల్లా ఇంటికి మనిషి వెళ్ళాలి. చుట్టాల ఊరికి వెళ్ళిందంటే ఏ ఊరో, ఎవరితోనో రాసుకోవాలి. ఆచూకీ తెలియకపోతే "ఇరవై నాలుగు గంటలు చూడండి" అన్న మాటకు కట్టుబడనక్కర్లేదు. తప్పిపోయిన ప్రతి బిడ్డ విషయంలోనూ వెంటనే ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది. కుటుంబమంతా బట్టీకి వెళుతుంటే బిడ్డను వెంట తీసుకుపోకుండా సీజనల్ హాస్టల్లో ఉంచే వీలుందేమో ముందే కనుక్కుని తల్లిదండ్రులకు చెప్పాలి. వీలు కాకపోతే చదువుతున్న తరగతి రాసిన కాగితం, వెళ్ళే చోటి దగ్గరి బడి వివరం వారి చేతికి ఇచ్చి పంపాలి.

సరిహద్దు బడుల్లో ఉపాధ్యాయులు తరచూ బదిలీ అవుతుంటారు. ఎవరికి పాఠం చెప్పారు, ఎవరి గురించి జాగ్రత్త వహించాలి, ఏ కేసు ఏ కోర్టులో ఉంది అన్నది బీరువాలో తాళం వేసిన ఒక పుస్తకంలో రాసి ఉంచి, వెళ్ళిపోయేవారు ఆ బాధ్యత కొత్తగా తీసుకున్నవారికే స్వయంగా అప్పగించి సంతకం తీసుకోవాలి.